నలభై దాటిన ఐటీ ఉద్యోగికి ఎన్‌పీటెల్ ఎంతవరకు పనికొస్తుంది: తిరుపతి నుంచి ఒక సమీక్ష

శుక్రవారం రాత్రి బెంగళూరు, చెన్నై బస్సులు తిరుపతి బస్టాండుకు చేరే వేళ చూడండి. లాప్‌టాప్ బ్యాగు భుజానికి తగిలించుకుని దిగేవాళ్ళలో తల నెరిసినవాళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తారు. 2000 ప్రాంతంలో ఎస్వీ యూనివర్సిటీలోనో, చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు వైపు కాలేజీల్లోనో ఎంసీఏ, బీటెక్ పూర్తిచేసి వెళ్ళిన తరం అది. ఇప్పుడు 42, 45, 48 ఏళ్ళు. ఇంటి లోను ఇంకా తీరలేదు, పిల్లలు ఇంటర్‌కొచ్చారు, ఆఫీసులో చూస్తే పక్క సీట్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఇంకో పదిహేనేళ్ళు ఈ పనిలో నిలబడాలంటే ఏం చదవాలి, యాడ చదవాలి అన్నది వీళ్ళ ప్రశ్న. దానికి దొరికే జవాబుల్లో ఒకటైన ఎన్‌పీటెల్ (ఐఐటీల పాఠాలను ఆన్‌లైన్‌లో అందించే వేదిక) సర్టిఫికెట్ కోర్సులను ఆ వయసు వాళ్ళ కళ్ళతో చూసి రాస్తున్న సమీక్ష ఇది. కాలేజీ పిల్లల క్రెడిట్ల సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు.

ముందే తేల్చి చెప్పేస్తాను. పునాది గట్టిపరచుకోవడానికి ఇంత తక్కువ ఖర్చులో ఇంతకు మించింది లేదు. ఉద్యోగం తెచ్చిపెడుతుందని చేరితే మాత్రం నిరాశ తప్పదు, ఎందుకంటే అది ఆ పని కోసం పెట్టింది కాదు. పాఠాలకు ఐదుకు నాలుగున్నర, అసైన్‌మెంట్లకు మూడు, చేతి పని నేర్పడంలో రెండు ఇస్తాను. పరీక్ష నిర్వహణకు నాలుగు.

ఎన్‌పీటెల్ 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టినది. మొదట్లో ఉత్త వీడియో పాఠాలే ఉండేవి. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలైంది. ఏర్పేడులో మన ఐఐటీ 2015లో వచ్చింది కాబట్టి మొదటి ఏడింటిలో అది లేదు. ఈ కోర్సుల కోసం ఏర్పేడు దాకా పోవాల్సిన పనీ లేదు. పాఠం ఇంట్లోనే వినొచ్చు, పరీక్షకు మాత్రం కేంద్రానికి వెళ్ళి కూర్చోవాలి. ఆ పరీక్షే దీని విలువ. ఇంట్లో పక్కన ఎవరినైనా పెట్టుకుని క్లిక్ చేసి సంపాదించే ఆన్‌లైన్ సర్టిఫికెట్లకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

పునాది ఎందుకు ముఖ్యమో తేదీలు చూస్తే తెలిసిపోతుంది. వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలకు వాడిన ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో మూతపడింది. వెబ్‌సైట్లు కట్టడానికి వాడిన ఆంగ్యులర్‌జేఎస్‌కు 2021 చివరితో మద్దతు ఆగిపోయింది. ఒకప్పుడు రెజ్యూమెలో మొదటి వరసలో వెలిగిన పేర్లివి. మరోవైపు కాడ్ అనే శాస్త్రవేత్త డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించింది 1970లో. దాని మీద పుట్టిన డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ ఈ రోజు పొద్దున కూడా లక్షల చోట్ల నడుస్తోంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో పుట్టింది, నేటి క్లౌడ్‌లో కుబర్నెటిస్ నడిపే కంటెయినర్ల కింద ఉన్నదీ ఆ వంశమే. ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీ అనే సమాచార నియమాలకు మారింది, ఇంటర్నెట్ ఇప్పటికీ దాని మీదే ఉంది. పనిముట్టుకు వయసు పదేళ్ళయితే, దాని కింద ఉన్న సూత్రానికి యాభై ఏళ్ళు. యూనిక్స్‌ను తయారుచేసినవాళ్ళలో ఒకడైన కెన్ థాంప్సన్ 1943లో పుట్టాడు. 2009లో గో అనే ప్రోగ్రామింగ్ భాష బయటికొచ్చేసరికి దాన్ని రూపొందించిన ముగ్గురిలో ఒకడు, వయసు 66. ఆయన మేధ అందరికీ ఉండదు, నిజమే. అయితే 1969లో నేర్చుకున్న విషయం 2009లో కూడా ఆయనకు పనికొచ్చింది, ఎందుకంటే అది మారే రకం విషయం కాదు.

మన దగ్గర 45 ఏళ్ళకు ఇబ్బంది పడేవాళ్ళలో ఎక్కువమంది ఒకే పనిముట్టును పదిహేనేళ్ళు నమ్ముకున్నవాళ్ళు. ఇంకో గుంపు పదేళ్ళ కిందటే కోడ్ రాయడం మానేసి, మీటింగులూ ఎక్సెల్ షీట్లూ చూసుకుంటూ మేనేజర్లయినవాళ్ళు. కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొదట కనబడేది ఆ మధ్య వరసే. వాళ్ళ జీతం ఎక్కువ, వాళ్ళు లేకపోతే ఆగిపోయే పని ఏమిటో చూపించడం కష్టం.

చేరడం ఇలా ఉంటుంది. ఏడాదికి రెండు సెమిస్టర్లు, జనవరి నుంచి ఏప్రిల్ ఒకటి, జులై నుంచి అక్టోబరు ఒకటి. కోర్సులు 4, 8, 12 వారాలవి. 4 వారాల దానిలో సుమారు 10 గంటల వీడియో, 8 వారాల దానిలో 20, 12 వారాల దానిలో 30 గంటలు ఉంటుంది. కోర్సులో చేరడం ఉచితం. పరీక్ష రాయాలంటే ఒక్కో కోర్సుకు 1000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, దివ్యాంగులకు రాయితీ ఉంది, ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. ప్రొఫైల్ నింపేటప్పుడు వృత్తి దగ్గర ఉద్యోగి అని పెట్టండి. లోకల్ చాప్టర్ అన్నది కాలేజీల కోసం, మీరు దేనిలోనూ ఉండనక్కర లేదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ చేసుకోవడం వేరు. రెండోదానికి ప్రత్యేకంగా ఫారం ఉంటుంది, దానికి వేరే గడువు ఉంటుంది, సాధారణంగా కోర్సు మొదలైన కొద్ది వారాలకే అది ముగిసిపోతుంది. పన్నెండు వారాలూ అసైన్‌మెంట్లు చేసి, చివర్లో హాల్‌టికెట్ కోసం వెతికితే దొరకదు. మళ్ళీ ఆ కోర్సు నడిచే సెమిస్టర్ దాకా ఆగాలి. ఆ ఫారంలో ఇచ్చిన పేరే సర్టిఫికెట్ మీద పడుతుంది. మనవాళ్ళకు ఇంటిపేరు ఆధార్‌లో ఒక రకంగా, పాన్‌లో ఒక రకంగా, టెన్త్ మెమోలో ఇంకో రకంగా ఉంటుంది. కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఏ కార్డు చూపిస్తారో ఆ స్పెల్లింగే ఇవ్వండి.

మార్కుల లెక్క జాగ్రత్తగా చదవండి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 8 వారాల కోర్సులో బాగా వచ్చిన 6 అసైన్‌మెంట్లను, 12 వారాల దానిలో 8ని లెక్కలోకి తీసుకుంటారు. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. మొత్తం 40 దాటినా ఒక వైపు తగ్గితే సర్టిఫికెట్ రాదు. 60 దాటితే ఎలీట్, 75 దాటితే వెండి, 90 దాటితే బంగారం ముద్ర. కొన్ని ప్రోగ్రామింగ్ కోర్సులకు ఈ విభజన వేరుగా ఉంటుంది, ఆ కోర్సు పేజీలోనే రాసి ఉంటుంది. ఆఫీసు పని ముంచుకొచ్చి ఒకటి రెండు వారాలు తప్పినా నష్టం లేదన్నది ఉద్యోగం చేసేవాళ్ళకు పెద్ద ఊరట.

ఇక పాఠం ఎలా ఉంటుందో ఒక కోర్సును దగ్గరగా పెట్టి చూపిస్తాను. ఖరగ్‌పూర్ ఐఐటీ నుంచి పార్థప్రతిమ్ దాస్ చెప్పే డేటాబేస్ కోర్సు 8 వారాలది. వారానికి ఐదు పాఠాలు, ఒక్కోటి అరగంట అటూ ఇటూ. సపోర్టులోనో డెవలప్‌మెంట్‌లోనో పదిహేనేళ్ళు ఎస్‌క్యూఎల్ రాసినవాళ్ళకు మొదటి వారం చాలా తేలిగ్గా ఉంటుంది, "ఇదంతా నాకు తెలిసిందే కదా" అనిపిస్తుంది. నార్మలైజేషన్ (ఒకే సమాచారం పలుచోట్ల పడకుండా పట్టికలు విడగొట్టడం) దగ్గరికి వచ్చేసరికి నడక నెమ్మదిస్తుంది. ఇండెక్సింగ్ దగ్గర బీ ప్లస్ ట్రీ (ఇండెక్స్‌ను చెట్టు కొమ్మల్లా అమర్చే పద్ధతి) మొదలయ్యాక, ఇన్నేళ్ళూ గుడ్డిగా వాడుతున్నది ఏమిటో కనబడటం మొదలవుతుంది.

ఉదాహరణకు రెండు కాలమ్‌ల ఇండెక్స్ తీసుకోండి. ముందు కస్టమర్ నంబరు, తర్వాత తేదీ. తేదీ ఒక్కటే ఇచ్చి వెతికితే ఇండెక్స్ ఎందుకు సరిగా పనిచేయదని ఇంటర్వ్యూలో అడిగితే, "లెఫ్ట్‌మోస్ట్ రూల్" అని పేరు చెప్పి ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. ఓటర్ల జాబితా తలచుకోండి. వీధి వారీగా, వీధిలో ఇంటి నంబరు వారీగా ఉంటుంది. బైరాగిపట్టెడలో ఫలానా వీధి, ఫలానా నంబరు అంటే క్షణంలో దొరుకుతుంది. ఇంటి నంబరు 42 అని మాత్రమే చెబితే ప్రతి వీధీ తిప్పాలి. ఇండెక్స్ అంతే. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 18వ వెర్షన్‌లో స్కిప్ స్కాన్ అని కొత్తది వచ్చింది. వీధులు పదో పదిహేనో ఉంటే, జాబితా అంతా చదవకుండా ఒక్కో వీధిలో నేరుగా 42 దగ్గరికి దూకొచ్చు. వీధులు లక్ష ఉంటే ఆ దూకుడుకు లాభం లేదు. చెట్టు ఎలా కట్టి ఉంటుందో తెలిసినవాడికి ఈ కొత్త సంగతి పది నిమిషాల్లో అర్థమవుతుంది. తెలియనివాడు ప్రతి వెర్షన్‌కూ ఒక కొత్త చిట్కా బట్టీ పట్టాలి. నలభై ఐదేళ్ళ వయసులో పాతికేళ్ళ కుర్రాడితో బట్టీలో పోటీ పడి గెలవలేం. కారణం తెలియడంలో మాత్రం గెలవొచ్చు.

కోర్సు ఇంతవరకే తీసుకొస్తుంది, మిగతాది సొంతంగా చేసుకోవాలి. చేతి పనికి రెండు మార్కులే ఎందుకిచ్చానంటే ఇందుకే. అసైన్‌మెంట్లలో అధికభాగం సరైన ఆప్షన్ ఎంచుకునేవే. కాబట్టి పాఠం విన్న రోజే ఇంట్లో ఉన్న 8 జీబీ లాప్‌టాప్ మీద పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి, డబ్బులేం కట్టక్కర లేదు. జనరేట్ సిరీస్ ఫంక్షన్‌తో 10 లక్షల వరసలు నింపండి. ఇండెక్స్ లేకుండా ఒకసారి, ఇండెక్స్ పెట్టి ఒకసారి, కాలమ్‌ల వరస తిప్పి ఒకసారి అదే క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీ ఏ దారిలో నడిచిందో, ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్) కొట్టండి. పట్టిక అంతా చదివే సీక్వెన్షియల్ స్కాన్ ఎప్పుడు ఇండెక్స్ స్కాన్ అయిందో, పట్టిన సమయం ఎంత తగ్గిందో రాసిపెట్టుకోండి. వరసలు నింపాక విడిగా అనలైజ్ కమాండ్ కొట్టడం మరిచిపోతే, క్వెరీకి దారి ఎంచుకునే ప్లానర్ దగ్గర సరైన గణాంకాలు ఉండవు, అంచనాలు తప్పుతాయి, మీరేమో పాఠమే తప్పనుకుంటారు. ఇంకోటి, అదే క్వెరీ రెండోసారి వేగంగా వస్తే అది ఇండెక్స్ గొప్పతనం కాకపోవచ్చు, డేటా అప్పటికే మెమరీలో ఉండి ఉంటుంది. అందుకే మూడు సార్లు నడిపి చివరిది తీసుకోవాలి. ఈ రాతల పుస్తకం ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

ఏ కోర్సుతో మొదలుపెట్టాలన్నది మీరు ఇన్నేళ్ళూ చేసిన పనిని బట్టి ఉంటుంది. అందరూ మెషిన్ లెర్నింగ్ మీద పడుతున్నారు, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచీ ఇంకా ఎక్కువ. మద్రాసు ఐఐటీ రవీంద్రన్ గారి ఇంట్రడక్షన్ టు మెషిన్ లెర్నింగ్ 12 వారాల కోర్సు, మంచి కోర్సు. కానీ మొదటి రెండు వారాల్లోనే బయాస్ వేరియన్స్, మల్టీవేరియేట్ రిగ్రెషన్ లాంటి గణాంక శాస్త్రం లెక్కలు వచ్చేస్తాయి. బీటెక్‌లో చదివిన మాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ ఇరవై ఏళ్ళుగా ముట్టనివాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఆగిపోయి, "ఈ వయసులో మనకింక ఎక్కదులే అప్పా" అని తీర్మానించుకుంటారు. వయసు దోషం ఏమీ లేదు, మెట్టు తప్పారంతే. నేల విడిచి సాము చేస్తే పాతికేళ్ళవాడైనా పడతాడు.

కోడ్ మానేసిన మేనేజర్లు చెన్నై మాథమాటికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మాధవన్ ముకుంద్ చెప్పే పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సుతో మొదలుపెట్టాలి. 8 వారాలది. దీనిలో కోడ్ రాసి పంపే అసైన్‌మెంట్లు ఉంటాయి, అదే కావలసింది. కంటికి కనిపించే టెస్ట్ కేసులన్నీ పాసయినా కనిపించని కేసుల్లో మార్కులు పోతుంటాయి. ఖాళీ లిస్టు, ఒకే సభ్యుడున్న లిస్టు, రుణ సంఖ్యలు, ఒకే విలువ రెండుసార్లు రావడం, ఈ నాలుగూ మీరే పరీక్షించి పంపండి. జవాబు సరైనదై ప్రెజెంటేషన్ ఎర్రర్ అని వస్తే చివర్లో అదనపు ఖాళీనో కొత్త లైనో పడిందని అర్థం. పది రోజులు చేతులు నొప్పెట్టినట్టే ఉంటుంది, తర్వాత పాత వేగం తిరిగొస్తుంది. మాన్యువల్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్ళకూ ఇదే మొదటి మెట్టు. సర్వర్, నెట్‌వర్క్ సపోర్టు వాళ్ళు నెట్‌వర్క్స్‌తోనో ఆపరేటింగ్ సిస్టమ్స్‌తోనో మొదలుపెట్టి తర్వాత క్లౌడ్ వైపు పోవాలి. క్లౌడ్‌లో అమ్ముతున్నది అద్దెకిచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్, అద్దెకిచ్చిన నెట్‌వర్కే. మెషిన్ లెర్నింగ్ కావాలంటే ముందొక సెమిస్టర్ లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీకి ఇవ్వండి. ఆలస్యం అనిపిస్తుంది, కాదు.

సెమిస్టర్‌కు ఒక కోర్సు చాలు. ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటే రెండు. నాలుగు ఒకేసారి మొదలుపెట్టిన వాళ్ళలో నాలుగూ ముగించినవాళ్ళు అరుదు. వారానికి రెండున్నర గంటల వీడియో అంటే, నోట్సు, అసైన్‌మెంటు, ఇంట్లో ప్రయోగం కలిపి ఆరేడు గంటలు పడుతుంది. శని ఆదివారాలకే వదిలేస్తే ఒక పెళ్ళి, ఒక తిరుపతి చుట్టం చాలు వారం తుడిచిపెట్టుకుపోవడానికి (ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు దర్శనానికి వచ్చే చుట్టాల లెక్క వేరే చెప్పక్కర లేదు). పొద్దున్నే రోజుకు గంట నిలబడుతుంది.

అసైన్‌మెంట్లకు ఐదుకు మూడే ఇచ్చాను కదా, దాని సంగతి. గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చి పంపొచ్చు, చివరిదే లెక్క. గడువు దాటాక జవాబులు పెడతారు. ఇంతవరకు బాగుంది. అయితే జవాబులు ముందే చెప్పే వీడియోలు, గ్రూపులు బయట కుప్పలుగా ఉన్నాయి. వాటిని చూసి 25కు 25 తెచ్చుకుని, పరీక్షలో 75కు 28 తెచ్చుకున్నవాళ్ళకు సర్టిఫికెట్ ఉండదు. గట్టెక్కినా, సర్టిఫికెట్ మీద అసైన్‌మెంట్ మార్కు, పరీక్ష మార్కు విడివిడిగా అచ్చవుతాయి. 25కు 25, 75కు 32 అని కనబడితే చదివేవాళ్ళకు కథ అర్థమైపోతుంది. సందేహాలకు ఫోరం ఉంది, కొన్ని కోర్సులకు పీఎంఆర్‌ఎఫ్ (ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్) పొందుతున్న పరిశోధక విద్యార్థులు వారం వారం లైవ్ క్లాసులు పెడతారు. వాళ్ళు ఇరవై ఐదేళ్ళ పిల్లలు, ఓపికగా చెబుతారు. అడగడానికి మొహమాటపడకండి.

ఇంగ్లీషు వేగం ఇబ్బందయితే చాలా కోర్సులకు తెలుగులో తర్జుమా చేసిన పాఠాల ప్రతులు ఉన్నాయి. ముందు తెలుగులో చదివి తర్వాత వీడియో చూస్తే నడుస్తుంది. పరీక్ష ఇంగ్లీషులోనే అనుకుని పదాలు మాత్రం ఇంగ్లీషువే గుర్తుపెట్టుకోండి.

ఇక ఊళ్ళో కోచింగ్ సెంటర్లతో పోలిక. వాటిలో మంచివి ఉన్నాయి, పనిముట్టు మీద చేయి తిప్పించడంలో ఎన్‌పీటెల్ కన్నా నయం. చేరేముందు మూడు అడగండి. పాఠం చెప్పే మనిషి ఏ ప్రాజెక్టులో ఎన్నాళ్ళు చేశారు? క్లౌడ్ అకౌంటు నా పేరు మీద ఉంటుందా, అందరికీ కలిపి ఒకటేనా? ఒకటే అయితే బిల్లింగ్, అనుమతులు, నెట్‌వర్క్ తప్పు పెట్టుకుని దిద్దుకోవడం మీకు రాదు, అసలు నేర్చుకోవలసింది అదే. మూడోది, బ్యాచ్‌లో మీలాంటి అనుభవస్థులు ఎంతమంది? అందరూ ఫ్రెషర్లయితే వేగం మీకు సరిపోదు.

"సార్, మీకు మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ మేమే పెట్టిస్తాం" అన్న మాట వినబడిన చోటి నుంచి లేచి వచ్చేయండి. పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌తో సర్వీస్ హిస్టరీ తీస్తే ఏ కంపెనీలో ఏ తేదీన చేరారో, ఏ తేదీన మానేశారో బయటపడుతుంది. ఆదాయపు పన్ను లెక్కల ఫారం 26 ఏఎస్‌లో జీతం ఎవరిచ్చారో ఉంటుంది. ఇరవై ఏళ్ళ నిజమైన సర్వీసు ఉన్న మనిషి మూడేళ్ళ దొంగ సర్వీసు కలుపుకుంటే మొత్తం ఇరవై మూడూ అనుమానంలో పడతాయి. తొమ్మిది నెలల గ్యాప్ ఉంటే గ్యాప్ అనే రాయండి, ఆ తొమ్మిది నెలల్లో ఏ సెమిస్టర్‌లో ఏ పరీక్ష రాశారో కింద రాయండి. గ్యాప్ కాలానికి తేదీతో ఉన్న రుజువు ఇవ్వడం ఈ సర్టిఫికెట్ చేసే అసలైన ఉపకారం. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

రెజ్యూమెలో దాని చోటు అట్టడుగున, ఒక్క వరస. పది సర్టిఫికెట్లు వరసపెడితే పని చేయకుండా కోర్సులే చేస్తున్నాడనుకుంటారు. పైన ఉండాల్సింది గత పదేళ్ళలో మీ చేతులతో ఏం మారింది అన్నది: ఏ క్వెరీ ఎన్ని నిమిషాల నుంచి ఎన్ని సెకన్లకు దిగింది, ఏ మైగ్రేషన్ ఎన్ని గంటల డౌన్‌టైమ్‌తో ముగిసింది. 2005 నాటి విజువల్ బేసిక్ ప్రాజెక్టుకు అర పేజీ అక్కర లేదు, ఒక వరస చాలు. మొత్తం రెండు పేజీలు దాటకూడదు. ఇంటర్వ్యూలో "ఇప్పుడు కూడా మీరు స్వయంగా కోడ్ చేస్తారా" అన్న ప్రశ్న నలభై దాటినవాళ్ళకు దాదాపు ఖాయం. అప్పుడు పైన చెప్పిన ప్రయోగాల పుస్తకం తెరవండి.

కళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. నలభై దాటాక దగ్గర చూపు తగ్గడం మామూలు. చాలామంది ఫోనులో పాఠం చూస్తారు, స్లైడు మీది సబ్‌స్క్రిప్టులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, అరగంటకు తలనొప్పి, "బుర్రకెక్కడం లేదు" అన్న భావన. ఎక్కకపోవడం కాదది, కనబడకపోవడం. స్లైడ్ల పీడీఎఫ్‌లు దించుకుని పెద్ద మానిటర్ మీద పెట్టుకోండి. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్ళు దగ్గర చూపు కింది భాగంలో ఉండటం వల్ల గడ్డం పైకెత్తి చూస్తుంటారు, వారానికల్లా మెడ పట్టేస్తుంది. మానిటర్ ఎత్తు తగ్గించండి, లేదా చేయి చాచినంత దూరానికి సరిపోయే కంప్యూటర్ అద్దాలు విడిగా చేయించుకోండి. పరీక్ష కేంద్రంలో మానిటర్ ఎత్తు మన చేతిలో ఉండదు, అక్కడికి ఆ అద్దాలే తీసుకెళ్ళండి. మూడు గంటలు చూడాలి.

పరీక్ష కంప్యూటర్ మీదే, శని ఆదివారాల్లో, పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. ఫారంలో పరీక్ష నగరంగా తిరుపతి పెట్టుకోండి. ఏ కేంద్రమో హాల్‌టికెట్ వచ్చాకే తెలుస్తుంది, ఊరి బయట ఇంజినీరింగ్ కాలేజీ పడొచ్చు, కాబట్టి ముందురోజే దారి చూసుకోవాలి. వారాంతం అంటే తిరుపతిలో యాత్రికుల రద్దీ ఎలా ఉంటుందో తెలిసిందే. బస్టాండు, రైల్వేస్టేషన్, అలిపిరి దారులు వదిలి బైపాస్ మీదుగా వెళ్తే నయం. చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళకు 70 కిలోమీటర్లు, పొద్దుటి విడతయితే తెల్లవారుజామున 5కల్లా బయలుదేరాలి. ముందురాత్రే వచ్చి ఉండాలనుకుంటే గది ముందుగా పెట్టుకోండి. జులై సెమిస్టర్ 8 వారాల కోర్సుల పరీక్ష బ్రహ్మోత్సవాల రోజుల దగ్గరికి పడితే ఆ రోజు అనుకుని వస్తే గది దొరకదు. హాల్‌టికెట్ ప్రింటు, ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉండాలి. ఫోను లోపలికి రానివ్వరు. హాల్లో చుట్టూ ఇరవై ఏళ్ళ పిల్లలు ఉంటారు, ఒకరిద్దరు మిమ్మల్ని ఇన్విజిలేటర్ అనుకుని సీటు ఎక్కడని అడుగుతారు. చెప్పి, మీ సీటులో మీరు కూర్చోండి.